కరణం మల్లీశ్వరి: ‘మొట్టమొదటి’ అనే మాట వెనుక చరిత్ర

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ వాక్యాన్ని మీరు చాలాసార్లు చదివి ఉంటారు: ఒలింపిక్ పతకం సాధించిన మొట్టమొదటి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి. సంవత్సరం 2000, వేదిక సిడ్నీ, క్రీడ వెయిట్‌లిఫ్టింగ్, పతకం కాంస్యం. నాలుగు ముక్కలూ సరైనవే. అవి గుర్తుంటే ఒక మార్కు వస్తుంది. కాని చరిత్ర విద్యార్థిగా మీరు అక్కడితో ఆగడానికి వీల్లేదు. ఆధునిక ఒలింపిక్ క్రీడల్లో స్త్రీలు 1900లో పారిస్‌లోనే పాల్గొన్నారు. మన దేశం నుంచి నలుగురు స్త్రీలు 1952లో హెల్సింకీ వెళ్లారు. మరి మొదటి పతకానికి 2000 దాకా ఎందుకు పట్టింది? అది పరుగులోనో ఈతలోనో కాక, ‘ఆడవాళ్లకు తగదు’ అని చాలామంది అనుకునే బరువులెత్తే క్రీడలో ఎందుకు వచ్చింది?

ఈ పాఠంలో ఒక క్రీడాకారిణి జీవితాన్ని చదువుతూ, దానితో పాటు ఆమె ఆడిన ఆట నియమాల చరిత్రను కూడా చదువుతారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప పై ప్రశ్నకు జవాబు దొరకదు.

1. తాలింఖానా నేల

మల్లీశ్వరి 1975 జూన్ 1న పుట్టింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆమె ఊరు. తండ్రి రైల్వే రక్షణ దళంలో చిన్న ఉద్యోగి. పెద్ద ఆస్తిపాస్తులు లేని కుటుంబం. పన్నెండేళ్ల వయసులో ఆమె నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడి దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఈ ఆట పట్టినది ఆమె ఒక్కతే కాదు, అక్కకూ అదే ఆట.

ఒక పల్లెలో ఇనుప కడ్డీ, దానికి తొడిగే పళ్లేలు, నేర్పే మనిషి ఎలా ఉన్నారని మీకు సందేహం రావాలి. ఉత్తరాంధ్రలో దేహదారుఢ్యానికి పాత సంప్రదాయం ఉంది. వ్యాయామశాలను అక్కడ తాలింఖానా అనేవారు. కుస్తీ, కర్రసాము, బరువులెత్తడం అక్కడ నేర్పేవారు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బలప్రదర్శనలతో దేశమంతా పేరు పొందాడు, సొంత సర్కస్ నడిపాడు, ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు. ఆ పేరు చుట్టూ అల్లుకున్న కథల్లో ఎన్ని నిజమో ఎన్ని అతిశయోక్తులో తేల్చడం ఇక్కడ మన పని కాదు. బలం గౌరవించదగ్గ విద్య అనే భావన ఆ ప్రాంతంలో ముందే ఉందన్నది మనకు కావలసిన అంశం. తరువాతి కాలంలో విజయనగరం దగ్గరి కొండవెలగాడ నుంచి మత్స సంతోషి వచ్చి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. అంటే మల్లీశ్వరి ఎడారిలో మొలిచిన ఒంటరి మొక్క కాదు.

ఆ సంప్రదాయం మాత్రం మగవాళ్ల సంప్రదాయం. ఇది గుర్తుంచుకోండి. మీరు అనంతపురం జిల్లాలో యాడికి, తాడిపత్రి వైపు ఉండి ఈ పాఠం చదువుతుంటే, దీనికి దగ్గరి ఉదాహరణ మీ కళ్ల ముందే ఉండవచ్చు. రాయలసీమ పల్లెల్లో పండుగలకు, తిరునాళ్లకు గుండు ఎత్తే పోటీలు పెడతారు. నున్నగా చెక్కిన రాతి గుండును మోకాలి మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి ఎత్తి వెనక్కి వేసినవాడికి బహుమతి. వానలు సరిగా పడని మెట్ట నేలలో కూలికి, సేద్యానికి ఆడవాళ్లు ఎత్తే బరువులు తక్కువేమీ కాదు. అయినా గుండు దగ్గరికి వచ్చేసరికి వరసలో నిలబడేది మగవాళ్లే. పనిలో ఎత్తిన బరువును ఎవరూ లెక్కపెట్టరు. పోటీలో ఎత్తిన బరువుకే పేరు వస్తుంది. పేరు రావాలంటే ముందు వరసలో నిలబడనివ్వాలి.

2. పతకాలు ఉన్నాయి, ఒలింపిక్ లేదు

మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1987లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో జరిగింది. పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ 1896 ఏథెన్స్‌లోనే ఒలింపిక్ క్రీడ. రెండింటికీ మధ్య తొంభై ఏళ్లకు పైగా దూరం. ఊసవానిపేటలో మల్లీశ్వరి కడ్డీ పట్టుకున్న కాలమూ, ప్రపంచంలో ఆడవాళ్లకు ఈ ఆట అధికారికంగా మొదలైన కాలమూ దాదాపు ఒకటే. ఆమె రెండు దశాబ్దాలు ముందు పుట్టి ఉంటే ఎంత బలం ఉన్నా పోటీ పడడానికి చోటే లేదు.

ఆ చోటులో మొదట నిలబడిన భారతీయురాలు కూడా ఆమె కాదు. మణిపూర్‌కు చెందిన కుంజరాణి దేవి 1989లో మాంచెస్టర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వెండి పతకాలు గెలిచింది, తరువాతి సంవత్సరాల్లోనూ మళ్లీ మళ్లీ గెలిచింది. మల్లీశ్వరి 1990లో జాతీయ శిక్షణలోకి వచ్చింది. 1993లో మెల్‌బోర్న్‌లో 54 కిలోల తరగతిలో కాంస్యం, 1994లో ఇస్తాంబుల్‌లో బంగారం, 1995లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో మళ్లీ బంగారం, 1996లో వార్సాలో కాంస్యం. 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో వెండి కూడా ఉంది.

ఇప్పుడు ఈ తేదీలను ఒలింపిక్ సంవత్సరాల పక్కన పెట్టి చూడండి. ఆమె వరుసగా రెండేళ్లు ప్రపంచ విజేతగా నిలిచిన మరుసటి ఏడాదే అట్లాంటా ఒలింపిక్స్. అక్కడ మహిళల వెయిట్‌లిఫ్టింగ్ లేదు. తన ఆటలో ప్రపంచంలోనే ముందున్న మనిషికి, ఆ ఆటే లేని క్రీడోత్సవం. అదే అట్లాంటాలో లియాండర్ పేస్ టెన్నిస్‌లో కాంస్యం గెలిచాడు. 1952లో కుస్తీలో కె.డి. జాదవ్ తరువాత స్వతంత్ర భారతానికి వచ్చిన తొలి వ్యక్తిగత పతకమని దేశం సంబరపడింది. సంబరం సబబే. కాని ‘పతకాలు లేని దేశం’ అని మనం వాపోయిన ఆ సంవత్సరాల్లోనే ప్రపంచ వేదికపై బంగారం తెస్తున్న ఆడపిల్లలు ఉన్నారు. ఒలింపిక్ పట్టిక ఒక్కటే చూసి దేశ క్రీడా చరిత్ర రాస్తే ఇలాంటివి జారిపోతాయి. అర్జున అవార్డు, ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ, ఇవన్నీ ఆమెకు సిడ్నీకి ముందే వచ్చాయి. ప్రభుత్వ రికార్డుల్లో ఆమె పేరు ఉంది. వీధుల్లో జనం నోట మాత్రం ఇంకా పడలేదు.

3. మంచు మీద ఒక పోలిక

నియమాలు మనిషి స్థానాన్ని ఎలా నిర్ణయిస్తాయో చూడడానికి కొంచెం దూరం వెళ్దాం. ఫిగర్ స్కేటింగ్ అనే ఆటను మీరు టీవీలో చూసి ఉండవచ్చు. కాలి కింద పదునైన ఉక్కు అంచు ఉన్న బూట్లు తొడుక్కుని, గడ్డకట్టిన మంచు మీద సంగీతానికి తగ్గట్టు జారుతూ, ఎగిరి గాలిలో తిరుగుతూ చేసే విన్యాసం. ఎండకు నేల బీటలు వారే మన మెట్టకు ఇంతకంటే దూరమైన ఆట ఉండదు. అందుకే పోలికకు పనికొస్తుంది.

1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మ్యాడ్జ్ సయర్స్ అనే ఇంగ్లీషు యువతి పురుషులతో కలిసి పోటీ చేసింది. స్త్రీలు రాకూడదని నియమాల్లో ఎక్కడా రాసిలేదు. రాస్తారని అంతవరకు ఎవరికీ తోచలేదు. ఆమె రెండో స్థానంలో నిలిచింది. ఆ తరువాత స్త్రీలకు ప్రవేశం మూసేశారు. చివరికి 1906లో వారికి విడిగా పోటీ ఏర్పాటైంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో స్కేటింగ్‌లో మహిళల విభాగం ఉంది, సయర్స్ బంగారం గెలిచింది. 1908కీ 2000కీ తేడా చూడండి. అందంగా కనబడే ఆట స్త్రీలకు తగునని ముందే ఒప్పుకున్నారు. బలం కనబడే ఆటకు మరో 92 ఏళ్లు పట్టింది.

జపాన్‌కు చెందిన ఎత్సుకో ఇనాడా 1936 శీతకాల ఒలింపిక్స్‌లో పన్నెండేళ్ల వయసులో పోటీ చేసి పదో స్థానంలో నిలిచింది. ఆ దేశం నుంచి శీతకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి స్త్రీ ఆమె. అక్కడి నుంచి ప్రపంచ విజేత రావడానికి అర్ధశతాబ్దం దాటింది. నగోయా నగరానికి చెందిన మిదోరి ఇతో 1988లో పోటీలో ‘ట్రిపుల్ ఆక్సెల్’ చేసిన మొదటి మహిళ అయింది. ముందుకు చూస్తూ ఎగిరి, గాలిలో మూడున్నర చుట్లు తిరిగి దిగే దూకుడు అది. 1989లో పారిస్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. ఆసియా నుంచి ఆ ఆటలో వ్యక్తిగత ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి క్రీడాకారిణి ఆమె.

అయితే ఆ రోజుల్లో స్కేటింగ్ మార్కుల్లో ఒక భాగం ‘తప్పనిసరి ఆకృతులు’. మంచు మీద బూటు అంచుతో గుండ్రటి గీతలను నిర్దిష్టంగా గీయాలి. సున్నాలు దిద్దినట్టన్నమాట. ఇతో అందులో వెనుకబడేది. 1990 ప్రపంచ పోటీలో మిగిలిన రెండు భాగాల్లో మొదటి స్థానం తెచ్చుకుని కూడా, ఆకృతుల్లో పదో స్థానం వల్ల టైటిల్ పోగొట్టుకుని రెండో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఏడాది తరువాత ఆకృతుల విభాగాన్నే ఎత్తేశారు. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ఆమెకు వెండి వచ్చింది. అదే మనిషి, అదే దూకుడు. ఏ నియమం అమల్లో ఉంది అన్నదాన్ని బట్టి స్థానం మారింది.

ఇతోకు నియమం మారాక ఒక ఒలింపిక్ దక్కింది. మల్లీశ్వరికి నియమం మారేసరికి ఆమె ఉచ్ఛదశ దాటి అయిదేళ్లయింది. ఈ తేడాను మనసులో ఉంచుకుని సిడ్నీకి రండి.

4. సిడ్నీ, 2000 సెప్టెంబర్ 19

1996 తరువాత ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆమెకు పతకం లేదు. 1997లో పెళ్లయింది. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో వెండి గెలిచింది. సిడ్నీలో పోటీ చేసింది 69 కిలోల తరగతిలో. 54 నుంచి 69కి రావడమంటే కొత్త శరీరంతో, కొత్త ప్రత్యర్థులతో పోరాటం. బరువు తరగతులను కూడా 1998లో మార్చారు కాబట్టి పాత లెక్కలతో కొత్త లెక్కలను నేరుగా పోల్చకూడదు. ఆమె బరువు పెరిగిందని, పని అయిపోయిందని, జట్టులోకి ఎందుకు తీసుకున్నారని క్రీడలకు ముందు పత్రికల్లో రాతలు వచ్చాయి. పతకం వచ్చిన మరునాడు అవే పత్రికల భాష ఎలా మారిందో పాత సంచికలు దొరికితే చదవండి. పత్రికను ఆధారంగా వాడేటప్పుడు తేదీ చూడడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

పోటీ పద్ధతి తెలియకపోతే ఆ రోజు జరిగినది అర్థం కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు విభాగాలు. స్నాచ్‌లో బరువును నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి, తరువాత తలపైకి. ఒక్కోదానిలో మూడేసి ప్రయత్నాలు. రెండింటిలో ఎత్తిన గరిష్ఠ బరువుల మొత్తమే లెక్క. అప్పట్లో మొత్తాలు సమానమైతే శరీర బరువు తక్కువ ఉన్నవారు ముందు నిలిచేవారు. అప్పటి నియమం ప్రకారం కడ్డీ మీద బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. ఇప్పటిలా ఒక్కో కిలో పెంచుకునే వీలు లేదు.

స్నాచ్‌లో హంగరీకి చెందిన ఎర్జెబెట్ మార్కుష్ 112.5 కిలోలు ఎత్తింది. మల్లీశ్వరి 110, చైనాకు చెందిన లిన్ వైనింగ్ 110. క్లీన్ అండ్ జెర్క్‌లో మార్కుష్ 130 ఎత్తి మొత్తం 242.5కు చేరింది. లిన్ 132.5 ఎత్తి తానూ 242.5కే చేరింది. మల్లీశ్వరి 130 ఎత్తింది. మొత్తం 240. ఆమెకు ఒక ప్రయత్నం మిగిలింది.

ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క మీరే వేయండి. 132.5 ఎత్తితే మొత్తం 242.5, ముగ్గురూ సమానం, శరీర బరువు తేల్చాలి. 135 ఎత్తితే మొత్తం 245, బంగారం. కడ్డీ మీద పెట్టించినది 137.5. ఎత్తితే 247.5తో తిరుగులేని మొదటి స్థానం. ఎత్తలేకపోయింది. తక్కువ శరీర బరువు వల్ల లిన్‌కు బంగారం, మార్కుష్‌కు వెండి, మల్లీశ్వరికి కాంస్యం. బంగారానికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు.

అంత బరువు పెట్టించడం సరైనదా కాదా అన్న చర్చ అప్పటి నుంచీ సాగుతోంది. శిక్షణ బృందం లెక్కలు తప్పాయన్నవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ 137.5 వైపే గౌరవం. అప్పటికి కాంస్యం చేతిలో ఉంది. భారత మహిళల్లో ఇంతవరకు ఎవరికీ రాని పతకం ఖాయమైపోయింది. ఇక పోగొట్టుకునేది ఏమీ లేని చోట బంగారం అడగడం తప్పు లెక్క కాదు. మీరు వేరే అభిప్రాయానికి రావచ్చు, అంకెలు మీ దగ్గరే ఉన్నాయి.

ఆ ఒలింపిక్స్‌లో భారతదేశానికి వచ్చిన పతకం అదొక్కటే.

5. తెరిచిన తలుపు గుండా ఎవరెవరు వచ్చారు

సిడ్నీలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి. ఏడు తరగతులు. అదే కొద్ది రోజుల్లో 58 కిలోల తరగతిలో సొరాయా హిమెనెజ్ మెక్సికో మహిళల్లో తొలి ఒలింపిక్ బంగారం గెలిచింది. 75 కిలోల తరగతిలో మరియా ఇసబెల్ ఉరుతియా కొలంబియా దేశానికే, ఆడా మగా అందరిలో, తొలి ఒలింపిక్ బంగారం తెచ్చింది. మల్లీశ్వరి భారత మహిళల్లో తొలి పతకం. మూడు దేశాలు, మూడు ‘మొట్టమొదటి’లు, ఒకే ఆట, ఒకే వేదిక. ఇది కాకతాళీయం కాదు. పాత ఆటల్లో సంపన్న దేశాలకు దశాబ్దాల ముందడుగు ఉంటుంది. కొత్తగా తెరిచిన ఆటలో అందరూ ఇంచుమించు ఒకే గీత దగ్గర మొదలవుతారు.

ఇంకా వెనక్కి వెళ్లండి. 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. ఆ పరుగు మహిళలకు ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టింది ఆ సంవత్సరమే. గెలిచిన నవాల్ ఎల్ ముతవాకిల్ మొరాకోకు తొలి ఒలింపిక్ బంగారం తెచ్చింది. ముందుకు రండి. 2012 లండన్‌లో మహిళల బాక్సింగ్ మొదటిసారి, మేరీ కోమ్‌కు కాంస్యం. ఈ వాదనను అతిగా సాగదీయకండి. సైనా నెహ్వాల్, పి.వి. సింధు పతకాలు గెలిచిన బ్యాడ్మింటన్‌లో మహిళలకు 1992 నుంచే చోటు ఉంది. ఆ విజయాలకు అకాడమీలు, శిక్షకులు, డబ్బు అనే వేరే కారణాలు చెప్పుకోవాలి.

తలుపు తెరవడం అందరికీ ఒకే వేళకు కలిసిరాదన్నదానికి కుంజరాణి సాక్ష్యం. 1989 నుంచి ప్రపంచ పతకాలు గెలుస్తూ వచ్చిన ఆమె ఒలింపిక్స్‌లో పోటీ చేసింది 2004 ఏథెన్స్‌లో, 36 ఏళ్ల వయసులో. నాలుగో స్థానం. పరీక్ష పుస్తకాల్లో ఆమె పేరు కనబడడం అరుదు. అదే ఏథెన్స్‌లో మల్లీశ్వరి వెన్నునొప్పితో పోటీ పూర్తి చేయలేక, ఆ తరువాత ఆటకు స్వస్తి చెప్పింది. భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసింది, హర్యానాలో శిక్షణ ఇచ్చింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితురాలైంది. అక్కడా ‘తొలి’ అన్న మాటే.

ఆధారాల గురించి ఒక హెచ్చరిక. క్రీడా పట్టికలు రాతి శాసనాలు కావు. సిడ్నీలోనే 48 కిలోల తరగతిలో బల్గేరియాకు చెందిన విజేత నిషిద్ధ మందుల పరీక్షలో దొరకడంతో బంగారం అమెరికాకు చెందిన టారా నాట్‌కు వెళ్లింది. ఆ వారం అచ్చయిన పత్రికలో ఒక పేరు, నేటి పట్టికలో మరో పేరు కనబడతాయి. మీరు ఏ పట్టిక వాడినా అది ఎప్పటిదో రాయండి.

మీరు చేయవలసిన పని

మీ ఊళ్లో, లేదా పక్క ఊళ్లో గుండు ఎత్తే ఆచారం ఉందేమో కనుక్కోండి. యాడికి, తాడిపత్రి, గుత్తి వైపు ఉన్న విద్యార్థులు అరవై దాటిన ఇద్దరు పెద్దలను, వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయ్యేలా చూసుకుని, కలవండి. గుండు ఎవరిది, ఎంత బరువని చెబుతారు, ఏ పండుగకు ఎత్తేవారు, గెలిచినవారికి ఏమిచ్చేవారు అని అడిగి రాసుకోండి. ఆడవాళ్లలో ఎవరైనా ఎత్తారా అని కూడా అడగండి. లేదనే జవాబు వస్తే, ఎవరైనా ఎత్తుతానని ముందుకు వచ్చారా, వస్తే ఏమన్నారు అని మరో ప్రశ్న వేయండి. చెప్పినవారి మాటల్లోనే రెండు పేజీలకు మించకుండా రాసి, కలిసిన తేదీ వేసి, అధ్యయన కేంద్రంలో జరిగే తరువాతి తరగతికి తీసుకురండి.